ముందు గుడ్డ, తర్వాతే బొమ్మ

మీరు అడిగింది ఇదీ. వయసు 38, హైదరాబాదులో ఐటీ ఉద్యోగం. శిల్పారామంలో ఒకాయన వెదురు పుల్లతో గుడ్డ మీద నెమలిని గీస్తుంటే గంటసేపు అక్కడే నిలబడిపోయారు. అప్పటినుంచీ మనసు లాగుతోంది. కానీ ఎనిమిదో తరగతి తర్వాత బొమ్మ వేసిందే లేదు, గీత గీస్తే చెయ్యి వణుకుతుంది, ఉద్యోగంతో టైము దొరకదు, ఇంట్లోవాళ్ళేమో "ఈ వయసులో ఇవన్నీ ఎందుకు" అంటున్నారు. ముందు ఒక ఏడాది డ్రాయింగ్ క్లాసుకి వెళ్ళి, చెయ్యి కుదురుకున్నాక కలంకారీ మొదలుపెట్టాలా?

వద్దమ్మా. డ్రాయింగ్ క్లాసుకి వెళ్తే డ్రాయింగ్ వస్తుంది. అది వచ్చేలోపు మీకు ఈ నెమలి మీద మోజు తీరిపోతుంది. నాకు తెలిసిన నలుగురైదుగురు అలాగే ఆగిపోయారు.

నేను తిరుపతిలో బ్యాంకు ఉద్యోగిని, ఇప్పుడు రిటైరయ్యాను. 42వ ఏట మొదలుపెట్టాను, 17 ఏళ్ళుగా చేస్తున్నాను. కళాకారిణిని అని చెప్పుకోను. ఇప్పటికీ నా దేవతల ముక్కులు నాకు నచ్చవు. కానీ గుడ్డ, నలుపు, ఎరుపు నా మాట వింటాయి. అంచులు, లతలు, చేపలు, చిలకలు ధైర్యంగా వేస్తాను. అందుకే మీకు రాయాలనిపించింది.

శ్రీకాళహస్తిలో నాకు నేర్పిన పెద్దాయన దగ్గరికి మొదటిరోజు కొత్త పెన్సిళ్ళు, రబ్బరు, స్కెచ్ పుస్తకం పట్టుకుని వెళ్ళాను, స్కూల్లో చేరే పిల్లలాగా. ఆయన పుస్తకం పక్కన పెట్టించి, రెండు మీటర్ల గాడా గుడ్డ, అంటే ముతక నూలు గుడ్డ, చేతికిచ్చి "ఇది ఉతికి తీసుకురా తల్లీ" అన్నారు. ఉతికి తెచ్చాను. నీళ్ళు ఒక చుక్క వేసి చూశారు. చుక్క గుడ్డలోకి ఇంకకుండా కాసేపు పూసలాగా నిలబడింది. "గంజి పోలేదు, మళ్ళీ ఉతుకు." ఆ రోజంతా ఉతకడమే. ఆ సాయంత్రం తిరుపతి బస్సులో కూర్చుని మళ్ళీ రాకూడదనుకున్నాను. ఆయన చెప్పినదాంట్లో సంగతి అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

మీరు శిల్పారామంలో చూసింది ఈ పనిలో అన్నిటికంటే కంటికి ఆనే భాగం, అంతే. మా వైపు దీన్ని పూర్వం వ్రాతపని అనేవాళ్ళు. కలంకారీ మొత్తం పదిహేడు దశలని లెక్క చెబుతారు. ఆ పదిహేడులో కలం పట్టుకుని గీసేవి చాలా తక్కువ. మిగతావన్నీ నానబెట్టడం, ఆరబెట్టడం, ఉడకబెట్టడం, ఉతకడం, ఎండెయ్యడం. వీటిలో వేటికీ చెయ్యి వణక్కుండా ఉండాల్సిన పని లేదు. కానీ వీటిలో ఏది తప్పినా ఎంత మంచి చిత్రకారుడి బొమ్మైనా పాడవుతుంది. అంటే మీకు రాదని మీరు భయపడుతున్నది మొత్తం పనిలో ఓ మూల. దాన్ని చివరికి పెట్టుకోండి.

గుడ్డ దగ్గర మొదలుపెడదాం. తెల్లగా మెరిసే మిల్లు గుడ్డ వద్దు. కోరా గాడా తీసుకోండి. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఆరేసి, నేను చెప్పిన చుక్క పరీక్ష చెయ్యండి. చుక్క పడగానే ఇంకిపోవాలి. తర్వాత కరక్కాయ. ఆయుర్వేదం సరుకులమ్మే కొట్లో దొరుకుతుంది. గింజ వద్దు, పైపెచ్చు పొడి కావాలి. మీటరు గుడ్డకి నేను వేసే లెక్క 50 గ్రాముల పొడి, అర లీటరు పచ్చి పాలు, అర లీటరు నీళ్ళు. పాలు ఎనుము పాలే, మీ హైదరాబాదు భాషలో బర్రె పాలు. వెన్న తీసిన పాకెట్ పాలతో చేస్తే రంగు గుడ్డ మీద పాకిపోతుంది, ఎందుకంటే గీతని గీత దగ్గరే ఆపేది పాలలోని కొవ్వు. పచ్చి పాలు దొరక్కపోతే ఫుల్ క్రీమ్ పాకెట్ పర్వాలేదు. గుడ్డని అందులో పావుగంట ముంచి, అన్ని వైపులా ఒకేలా పిండి, ఎండలో పరిచి ఆరెయ్యండి. దండెం మీద వేలాడదీస్తే పాలన్నీ కిందికి దిగి ఒక అంచు ముదురుగా, ఒకటి లేతగా తయారవుతుంది. ఆరిన గుడ్డ లేత పసుపులోకి వస్తుంది, కొంచెం పాల వాసన వేస్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే జాగ్రత్త. మా ఇంటి పిల్లి నా రెండో గుడ్డని పరుపు చేసుకుంది.

ఇక నలుపు. నాకు ఈ మొత్తం పనిలో ఇష్టమైనది ఇదే. తుప్పు పట్టిన మేకులు, ఇనుప ముక్కలు అర కిలో తీసుకుని, వంద గ్రాముల బెల్లం, వంద గ్రాముల తాటిబెల్లం రెండు లీటర్ల నీళ్ళలో కరిగించి, మట్టికుండలోనో ప్లాస్టిక్ డబ్బాలోనో వేసి పైన గుడ్డ కట్టండి. బిగుతుగా మూత పెట్టకండి, పులిసేటప్పుడు గాలి బయటికి పోవాలి. రెండు మూడు రోజులకోసారి కర్రతో కలపండి. ఎండాకాలంలో పదిహేను రోజులు, చలికాలంలో మూడు నాలుగు వారాలు. దీన్నే కసిమి అంటారు. వాసన గురించి అబద్ధం చెప్పను, బాగుండదు. మా అపార్టుమెంటులో ఎవరో సెప్టిక్ ట్యాంకు పొంగిందని ఫిర్యాదు చేశారు. అప్పటినుంచి మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక పెడుతున్నాను.

వడకట్టిన కసిమి చూస్తే పలచటి టీ డికాషన్‌లా ఉంటుంది. అదే కరక్కాయ పట్టిన గుడ్డ మీద పెట్టగానే మీ కళ్ళ ముందే నల్లగా మారిపోతుంది. పులుపులో కరిగిన ఇనుము కరక్కాయలోని వగరుతో కలిస్తే పుట్టే నలుపు అది. సీసాలో నలుపు లేదు, గుడ్డలోనూ లేదు, రెండూ కలిసినచోట ఉంది. వందసార్లు చూసినా నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. అదే గుడ్డ కరక్కాయ పట్టకుండా ఉంటే తుప్పు మరక మాత్రం మిగులుతుంది.

ఈ సంగతి నేను నేర్చుకున్న తీరు చెప్పాలి. మొదటి ఏడాది, సొంతంగా ఇంట్లో గుడ్డ తయారుచేద్దామని, బాత్రూములో ఉన్న పాత ఇనుప బకెట్టులో కరక్కాయ పాలు కలిపాను. గంట తర్వాత వచ్చి చూస్తే నాలుగు మీటర్ల గుడ్డ బూడిద రంగులోకి తిరిగింది. బకెట్టుకి అంచున ఉన్న తుప్పే కసిమి పని చేసేసింది. పెద్దాయనకి చెబితే ఆయన తిట్టలేదు. "ఇక కరక్కాయ గురించి నీకు ఎవరూ చెప్పక్కర్లేదు" అన్నారు. మీ అపార్టుమెంటు బోరు నీళ్ళలో ఇనుము ఉన్నా ఇదే గొడవ, కాకపోతే నెమ్మదిగా. గుడ్డ కారణం లేకుండా మబ్బు పట్టినట్టు కనబడితే నీళ్ళని అనుమానించండి, మొదటి గుడ్డలకి తాగే నీళ్ళు వాడి చూడండి. నీళ్ళలో సున్నం ఉంటే మాత్రం కంగారు పడకండి, ఎరుపుకి అది మేలే చేస్తుంది.

కసిమి చిక్కగా ఉంటే నలుపు బాగుంటుందనుకుని కొత్తవాళ్ళంతా దాన్ని మరిగిస్తారు. నేనూ చేశాను. ఆరేళ్ళ తర్వాత ఆ గుడ్డ మడత విప్పితే నల్ల గీత ఉన్నచోటల్లా చీలిపోయింది, బ్లేడుతో కోసినట్టు. ఇనుము ఎక్కువైతే నూలుని తినేస్తుంది. పాత గుడ్డల్లో బొమ్మంతా గట్టిగా ఉండి నల్ల గీతలు మాత్రమే చిరిగిపోవడం ఇందుకే.

మీరు అసలు భయపడే కలం సంగతి. వెదురు పుల్లని సన్నగా చెక్కి, మొనకి అంగుళం పైన ఉన్ని గానీ పాత దుప్పటి ముక్క గానీ చిన్న నిమ్మకాయంత చుట్టి, దారంతో బిగించి కడతారు. ఆ ఉన్ని కసిమిని పీల్చుకుంటుంది. వేళ్ళతో మెల్లిగా నొక్కితే రంగు మొనకి దిగుతుంది. చెయ్యి వణికే కొత్తవాళ్ళందరూ చేసే పొరపాటు కలాన్ని పెన్నులా మొన దగ్గర పట్టుకోవడం. ఉన్ని ఉండ దగ్గర పట్టుకోండి, మోచెయ్యి గాల్లో ఉంచకండి. నేల మీద పీట ముందు కూర్చుని, గుడ్డ కింద మెత్తటి దుప్పటి పరిచి, గీతని మీ వైపుకి లాగండి. మణికట్టుతో కాకుండా భుజంతో లాగితే వణుకు సగం పోతుంది. రెండో చేతిలో పీల్చే గుడ్డ ఒకటి పెట్టుకోండి, చుక్క రాలితే వెంటనే అద్దడానికి.

మొదటి రెండు నెలలు గీతలు మాత్రమే. నిలువు గీతలు, అలలు, చుక్కలు, చక్రాలు. ఇది శిక్షలా వినిపిస్తుందని తెలుసు. కానీ మీరు నిలబడి చూసిన ఆ నెమలిని ఒకసారి గుర్తు చేసుకోండి. మెడ దాటాక దాని ఒళ్ళంతా గీతలు, చుక్కలు, పొలుసులే కదా. వీలైతే లేపాక్షి వీరభద్రాలయం వెళ్ళి పైకప్పు చూడండి. అక్కడి చిత్రాల్లో ఆడవాళ్ళ చీరల మీద ఉన్న అంచులు, గళ్ళు, పూలు ఒక్కోటి ఒక్కో పాఠం. 16వ శతాబ్దం డిజైన్లు, మెడ నొప్పి పుట్టేదాకా ఉచితంగా చూసుకోవచ్చు. ఆ అంచుల్లో రెండు వస్తే మీ దగ్గర ఒక బల్లగుడ్డ తయారైనట్టే.

బొమ్మ కావాలనిపిస్తే ట్రేస్ చెయ్యండి. "అది మోసం కదా" అని మీరు అనబోతున్నారు. చెయ్యండి. కోరమండల్ తీరం పనివాళ్ళే కాగితం మీది బొమ్మకి సూదితో బెజ్జాలు పొడిచి, బొగ్గుపొడి అద్ది గుడ్డ మీదికి దించుకునేవాళ్ళు. కాళహస్తిలో చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో చిత్తుబొమ్మ గీసుకుంటారు, అది ఉతికితే పోతుంది. ట్రేస్ చేసిన బొమ్మ మీద కూడా కలం గీత మీదే. ఇద్దరు ఒకే చిలకని ట్రేస్ చేస్తే రెండు చిలకలు ఒకేలా రానే రావు.

ఇక్కడ ఒక కథ చెప్పకుండా ఉండలేను. 1742లో కర్డూ అనే ఫ్రెంచి జెసూట్ పాదిరీ, కోరమండల్ తీరంలో ఉండేవాడు, ఈ అద్దకం పని మొత్తం అడుగడుగూ ఉత్తరంగా రాసి స్వదేశానికి పంపాడు. కరక్కాయ, ఎనుము పాలు అన్నీ అందులో ఉన్నాయి. ఉతికినా పోని ఈ రంగుల కోసం ఐరోపా అంతా ఎగబడి, అక్కడి నేతవాళ్ళ పొట్ట కొడుతోందని ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో ఈ గుడ్డల్ని నిషేధించాయి కూడా. కర్డూ తెలుగు నేర్చి తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చినవాడు. చిత్రకారుడు కాడు. పనివాళ్ళని అడిగి, పాలెందుకు, వగరెందుకు అని విచారించి రాశాడు. దాని వెనక వ్యాపార గూఢచర్యం ఉంది, అది మెచ్చుకునే విషయం కాదు. కానీ పెద్దవాళ్ళు ఒక పనిని నేర్చుకునే దారి అదే అనిపిస్తుంది నాకు. చిన్నపిల్లలు చూసి చేస్తారు. మనకి ఎందుకు అనేది తెలిస్తే గానీ చెయ్యి కదలదు. మీరు ఐటీలో రోజంతా తప్పు ఎక్కడుందో వెతుకుతారు కదా, గుడ్డ మీద మరక చూసి ఏ దశలో తప్పిందో వెనక్కి లెక్కగట్టడం మీకు నాకంటే త్వరగా వస్తుంది.

ఎరుపు గురించి క్లుప్తంగా. నలుపు గీతలు ఆరి, ఉతికాక, ఎరుపు కావలసినచోట పటిక నీళ్ళు పూస్తారు. పూసింది కనబడదు కాబట్టి అందులో చిటికెడు ఎర్రరంగు కలుపుకుంటే గుర్తు ఉంటుంది. కనీసం ఒక రోజంతా వదిలెయ్యాలి. తర్వాత పారే నీళ్ళలో జాడించాలి. కాళహస్తిలో ఈ పని స్వర్ణముఖి ఒడ్డున ఎందుకు పెరిగిందో మీకు ఇక్కడ అర్థమవుతుంది. బకెట్టులో ముంచితే వదులైన పటిక నీళ్ళలో కలిసి తెల్లగా ఉండాల్సిన చోట అంటుకుంటుంది, రేపు అక్కడ కూడా ఎరుపు పడుతుంది. నా మొదటి తెరలో కృష్ణుడి చుట్టూ ఆకాశం గులాబీ రంగులో ఉంది. చూసినవాళ్ళు సూర్యోదయం అనుకుంటారు, నేను సరిదిద్దలేదు. అపార్టుమెంటులో అయితే గుడ్డని రెండు కొసలా పట్టుకుని కుళాయి ధార కింద జాడించండి. తర్వాత మంజిష్ఠ వేరు నీళ్ళలో, సన్న సెగ మీద, కర్రతో తిప్పుతూ ఉడికించాలి. కళపెళ మరిగితే నా చేతిలో ప్రతిసారీ ఎరుపు గోధుమరంగు వైపు జారింది. పటిక ఉన్నచోటే ఎరుపు కుదురుకుంటుంది. మిగతా చోట పట్టిన లేత ఛాయ పేడనీళ్ళలో ముంచి ఎండలో తడుపుతూ ఉంటే విరుగుతుంది. ఈ పనికి వాడిన గిన్నెలు వంటింట్లోకి మళ్ళీ రాకూడదు, పిల్లలున్న ఇల్లైతే పటిక, కసిమి ఎత్తులో పెట్టండి.

పసుపు, నీలం, ఆకుపచ్చ మొదటి ఏడాది ముట్టుకోకండి. నలుపు ఒక్కటితో ఆరు నెలలు, తర్వాత ఎరుపు. నీలిమందు దగ్గరికి నేను ఐదో ఏట వెళ్ళాను, ఇప్పటికీ దానితో నాకు పూర్తిగా సఖ్యత లేదు.

టైము దొరకదన్నారు. ఉద్యోగస్తులకి ఇంత అనువైన పని ఇంకోటి లేదంటాను. శనివారం రాత్రి నానబెడితే నిద్రపోతుండగా నానుతుంది. ఆదివారం ఎండ ఆరబెడుతుంది. కసిమి మూడు వారాలు తనంతట తానే పులుస్తుంది. మీరు కూర్చునేది వారానికి రెండు మూడు గంటలు. వానాకాలం మాత్రం సెలవిచ్చెయ్యండి, గుడ్డ ఆరక బూజు పడుతుంది. మొదటి మూడు నెలలకి గుడ్డ, కరక్కాయ, బెల్లం అన్నీ కలిపి రెండు మూడు వేలు దాటనివ్వకండి. కలంకారీ కిట్ అని వేలకి అమ్మేవి కొనొద్దు. వాటిలో తరచుగా రంగు సీసాలు తప్ప కరక్కాయ ఉండదు.

గురువు విషయం. ఆరు నెలలు ఇంట్లో తప్పులు చేశాక వెళ్ళండి, అప్పుడు మీ దగ్గర అడగడానికి ప్రశ్నలు ఉంటాయి. గూడూరు, రేణిగుంట లైన్లో కాళహస్తి స్టేషన్ ఉంది, తిరుపతి నుంచి బస్సులో గంట ప్రయాణం. ఈ పని దాదాపు ఆరిపోతున్న రోజుల్లో చేతిపనుల్ని నిలబెట్టడానికి పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. కాళహస్తి కలంకారీ చేసిన జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఇవాళ ఊళ్ళో ఎన్నో ఇళ్ళలో ఈ పని జరుగుతుంది. వెళ్ళి "నాకు బొమ్మ నేర్పండి" అనకండి. "మూడు రోజులు మీ గుడ్డలు ఉతుకుతాను, చూడనివ్వండి" అనండి, ఫీజు ఎంతో ముందే అడిగి ఇవ్వండి. వాళ్ళ పని వేళలు మీరు తీసుకుంటున్నారు. చెక్క అచ్చుల పని చూడాలంటే అది పెడనలో, మచిలీపట్నం దగ్గర. అదో వేరే విద్య.

ఇంట్లోవాళ్ళ మాటకి వస్తాను. మా ఆయన మొదట్లో "దీన్ని అమ్మితే ఎంతొస్తుంది" అని అడిగేవారు. మీ ఇంట్లో కూడా రెండో ప్రశ్న అదే వస్తుంది. అమ్మకండి, కనీసం ఐదేళ్ళు. ఎందుకంటే మనకి జీతం ఉంది కాబట్టి గుడ్డ ఖరీదు మీద ఐదు వందలు కలిపి సంతోషంగా ఇచ్చేస్తాం. అదే పనికి నెల రోజులు కూర్చున్న కాళహస్తి మనిషి ఐదు వేలు అడిగితే కొనేవాళ్ళు "ఫలానా మేడం ఐదొందలకే ఇచ్చింది" అంటారు. ఇప్పటికే కలంకారీ పేరుతో మిషను ప్రింటు గుడ్డ మీటర్ల లెక్కన అమ్ముతూ వాళ్ళ బతుకు ఇరుకు చేశారు. మనం కూడా దానికి తోడవ్వక్కర్లేదు. పెళ్ళిళ్ళకి, గృహప్రవేశాలకి ఇవ్వండి. నా గుడ్డలు బంధువుల ఇళ్ళలో టీవీల మీద, ఫ్రిజ్జుల మీద కప్పి ఉన్నాయి. ఒకావిడ దోసెల పెనం పట్టుకోవడానికి వాడుతోంది. చూసినప్పుడు ప్రాణం చివుక్కుమంటుంది గానీ, ఏడేళ్ళుగా వేడికీ సబ్బుకీ ఓర్చుకుని ఆ ఎరుపు అలాగే ఉందని లోపల కొంచెం గర్వం కూడా.

ఇక ఈ వారం పని. ఇంటి దగ్గర పాత ఇనుప సామాన్ల కొట్టుంటుంది, అర కిలో తుప్పు మేకులు అడగండి, వాళ్ళు మిమ్మల్ని వింతగా చూస్తారు. బెల్లం ఇంట్లో ఉంటుంది. ఆదివారం కసిమి నానబెట్టండి. అది పులిసే మూడు వారాల్లో గుడ్డ గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పాలు పట్టించి, ఆరబెట్టి, మడతపెట్టి ఉంచుకోండి. ప్లాస్టిక్ బకెట్టులోనే సుమా.